వెనక వచ్చేవాడిదే భారం

తెరచాప పడవకు బ్రేకులుండవు. ఇంజను పడవైతే వెనక్కి గేరు వేసి వేగం చంపుకోవచ్చు. గాలి మీద నడిచే పడవకు ఆ వీలు లేదు. ఆగాలంటే తాడు వదిలేసి తెరచాపలో గాలి నిలవకుండా చేయాలి. లేదంటే పడవను గాలికి ఎదురు తిప్పి, అది తనంతట తాను నెమ్మదించేదాకా ఓపిక పట్టాలి. దిక్కుల విషయంలోనూ దానికి పూర్తి స్వేచ్ఛ లేదు. గాలి ఎటునుంచి వీస్తోందో ఆ దిక్కుకు నేరుగా వెళ్లలేదు. అటు సుమారు 45 డిగ్రీలు, ఇటు సుమారు 45 డిగ్రీల మేర దానికి దారి మూసుకున్నట్టే.

అలాంటి రెండు పడవలు ఒకే దిక్కుగా పోతున్నాయి. వెనకదానికి వేగం కాస్త ఎక్కువ. అది ముందుదాన్ని దాటి పోవాలి. అప్పుడు ఎవరు ఎవరికి దారివ్వాలి? సముద్ర నియమాలు దీనికి ఒక జవాబు చెబుతాయి. పడవ పందేల నియమాలు మరో జవాబు చెబుతాయి. రెండూ ఆలోచించి పెట్టుకున్నవే. ఆ ఆలోచన ఏమిటో తెలుసుకుంటే గాలి గురించీ కోణాల గురించీ మాత్రమే కాదు, మనుషులు ఒకరినొకరు నమ్ముకుని ఎలా బతుకుతారన్నది కూడా తెలుస్తుంది.

ముందుగా రెండు మాటలు. పడవ ముందు కొసను మన పడవవాళ్లు అణియం అంటారు, వెనక కొసను అమరం అంటారు. ఇక్కడా ఆ మాటలే వాడుకుందాం. అలాగే గాలి వచ్చే వైపును గాలి ఎగువ అనీ, గాలి పోయే వైపును గాలి దిగువ అనీ చెప్పుకుందాం.

ముప్పై తొమ్మిది సెకన్లు

చిన్న లెక్క వేద్దాం. రెండు పడవలూ 10 మీటర్ల పొడవు. ముందుది 5 నాట్ల వేగంతో, వెనకది 6 నాట్ల వేగంతో పోతున్నాయి. నాట్ అంటే గంటకు 1,852 మీటర్లు. కాబట్టి రెండింటి వేగాల తేడా సెకనుకు అర మీటరు కంటే పిసరంత ఎక్కువ, అంతే. వెనక పడవ అణియం ముందు పడవ అమరాన్ని అందుకున్న క్షణం నుంచి, వెనక పడవ పూర్తిగా దాటి ముందుకొచ్చేదాకా 20 మీటర్ల తేడా పూడాలి. అందుకు దాదాపు 39 సెకన్లు పడుతుంది. ఆలోపు దాటే పడవ నీటి మీద 120 మీటర్లు ప్రయాణించి ఉంటుంది.

అంటే అర నిమిషానికి పైగా రెండు పడవలూ పక్కపక్కనే ఉంటాయి. ఆ మధ్యలో ఒక గట్టి విసురు వస్తే చాలు. పడవ ఒరుగుతుంది, చుక్కాని పట్టు జారుతుంది, అణియం దానంతటదే గాలివైపు తిరిగిపోతుంది. గాలి ఎగువన పక్కనే ఇంకో పడవ ఉంటే దాన్ని కొట్టేస్తుంది. ఎవరు తప్పుకోవాలో అప్పుడు తేల్చుకుందామంటే కుదరదు. పక్కకు రాకముందే తేలిపోయి ఉండాలి.

మొదటి మెట్టు: గాలి ఏ పక్క నుంచి?

1972లో లండన్‌లో కుదిరి, 1977 జూలై 15 నుంచి అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ నియమావళి ఒకటుంది. సముద్రంలో నౌకలు ఢీకొనకుండా చూడటమే దాని పని. మహాసముద్రాల్లోనూ, వాటితో కలిసి ఉండి సముద్ర నౌకలు తిరగగల నీళ్లలోనూ అది వర్తిస్తుంది. విశాఖ రేవులోకి వచ్చే చిన్న తెరచాప పడవకైనా, పెద్ద సరుకు నౌకకైనా అదే పుస్తకం.

రెండు తెరచాప పడవలు ఎదురైతే ఏం చేయాలో అందులో 12వ నియమం చెబుతుంది. రెండింటికీ గాలి వేర్వేరు పక్కల నుంచి తగులుతుంటే, ఎడమ పక్క నుంచి గాలి తగిలే పడవ తప్పుకోవాలి. రెండింటికీ ఒకే పక్క నుంచి తగులుతుంటే, గాలి ఎగువన ఉన్నది దిగువన ఉన్నదానికి దారివ్వాలి. ఈ రెండో మాటకు భౌతిక కారణం ఉంది. ఎగువన ఉన్న పడవకు స్వచ్ఛమైన గాలి అందుతోంది, కదలడానికి చోటుంది. దిగువన ఉన్నదానికి ఆ గాలే సరిగా అందదు. శక్తి ఎవరి దగ్గరుందో బాధ్యత వారి మీద పెట్టారు.

మరి దాటడం సంగతి? గాలి దిగువ నుంచి దాటే పడవ వచ్చిందనుకోండి. 12వ నియమం ప్రకారమైతే ఎగువన ఉన్న ముందు పడవే తప్పుకోవాలి. తన దారిన తాను పోతున్నవాడు, వెనక నుంచి వచ్చినవాడి కోసం పక్కకు జరగాలన్నమాట. నియమాలు రాసినవాళ్లు దీన్ని ఒప్పుకోలేదు. అందుకే 13వ నియమం పెట్టారు. దాటే నౌక ఏదైనా సరే, దాటబడే నౌకకు అదే దారివ్వాలి. మిగతా నియమాలు ఏం చెప్పినా సరే, దాటే విషయంలో ఈ మాటే చెల్లుతుంది. గాలి ఏ పక్కనుంచి తగిలినా, ఎగువన ఉన్నా, దిగువన ఉన్నా తేడా లేదు.

ఇది ఎంత దూరం పోతుందంటే, మామూలుగా ఇంజను పడవే తెరచాప పడవకు దారివ్వాలి. కానీ మంచి గాలి మీద పరుగెత్తే తెరచాప పడవ, నిదానంగా పోయే ఇంజను పడవను దాటాలనుకుంటే తప్పుకోవాల్సింది తెరచాప పడవే. తెరచాప ఉంది కదా అని అక్కడ మినహాయింపు దొరకదు.

వెనక అంటే ఎంత వెనక?

నియమం బాగానే ఉంది. కానీ పడవలు రోడ్డు మీద లారీల్లా ఒకదాని వెనక ఒకటి వరసగా రావు. ఏటవాలుగా వస్తాయి, దాదాపు పక్క నుంచి వస్తాయి. దాటుతున్నది ఎవరు, అడ్డంగా వస్తున్నది ఎవరు అన్నది తేల్చడానికి ఒక గీత కావాలి.

ఆ గీత కచ్చితంగా ఉంది. పడవ మధ్య నుంచి దాని పొడవుకు లంబంగా రెండు పక్కలకూ ఒక గీత గీయండి. దానికంటే 22.5 డిగ్రీలకు మించి వెనక ఉన్న దిక్కు నుంచి వచ్చే పడవ దాటే పడవ. అంతకంటే ముందు నుంచి వస్తే అది అడ్డంగా వచ్చే పడవ, దానికి వేరే నియమాలు.

22.5 అన్న ఈ అంకె వెనక పాత దిక్సూచి ఉంది. నావికులు వృత్తాన్ని 360 డిగ్రీలుగా కాకుండా 32 భాగాలుగా విభజించుకునేవారు. ఒక్కో భాగం 11.25 డిగ్రీలు. రెండు భాగాలైతే 22.5. 1889లో వాషింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం తయారుచేసిన నియమాల్లో ఈ హద్దు రెండు దిక్సూచి భాగాలుగానే ఉంది. ఇప్పుడు కొలత మారింది, హద్దు మారలేదు.

పగలు కోణం కళ్లతో అంచనా వేయాలి. రాత్రి ఆ పని దీపాలు చేస్తాయి. చీకట్లో తెరచాప పడవ ఎడమ పక్క ఎర్ర దీపం, కుడి పక్క పచ్చ దీపం, అమరంలో తెల్ల దీపం వెలిగిస్తుంది. ఎర్ర దీపం నేరుగా ముందు నుంచి మొదలై ఎడమవైపు 112.5 డిగ్రీల మేర మాత్రమే కనిపించాలి. పచ్చ దీపం కుడివైపు అంతే మేర. తెల్ల దీపం వెనకవైపు 135 డిగ్రీల మేర. మూడూ కలిపితే 360. ఎక్కడా ఖాళీ లేదు.

ఇందులో ఇంజనీరింగు తెలివి ఏమిటంటే, పక్క దీపాలు ఆగిపోయే చోటే దాటే హద్దు మొదలవుతుంది. లంబం అంటే 90 డిగ్రీలు, దానికి 22.5 కలిపితే 112.5. కాబట్టి చీకట్లో కోణమానం అక్కర్లేదు. ముందున్న పడవలో మీకు తెల్ల దీపం ఒక్కటే కనిపిస్తుంటే మీరు దాటే పడవ. తప్పుకోవాల్సింది మీరే. ఎర్ర దీపమో పచ్చ దీపమో కనిపిస్తే మీరు అడ్డంగా వస్తున్న పడవ.

హద్దు దగ్గర ఏం జరుగుతుందో దగ్గరగా చూద్దాం. మీరు వెనక నుంచి, కాస్త కుడిగా వస్తున్నారు. తెల్ల దీపం కనిపిస్తోంది. అల ఎత్తినప్పుడు ముందు పడవ అణియం అటూ ఇటూ ఊగుతుంది. ఒక క్షణం పచ్చ దీపం మెరిసి మాయమవుతుంది. మళ్లీ తెలుపు. మళ్లీ పచ్చ. ఇప్పుడు మీరు ఎవరు? నియమం దీనికీ జవాబు చెప్పింది: సందేహం ఉంటే దాటుతున్నది నేనే అనుకో, ఆ ప్రకారమే నడుచుకో. సందేహాన్ని ఎప్పుడూ ఎక్కువ బాధ్యత ఉన్నవైపుకే తిప్పాలన్నది ఇక్కడి సూత్రం.

దానికి తోడు ఇంకో మాట చేర్చారు. నా దృష్టిలో ఈ నియమం మొత్తంలో అదే ముఖ్యమైనది. మీరు దాటుతూ ముందుకొచ్చారు. ఇప్పుడు పచ్చ దీపం స్పష్టంగా కనిపిస్తోంది. ‘ఇక నేను వెనకవాణ్ణి కాదు, అడ్డంగా వచ్చేవాణ్ణి, నాకే దారివ్వాలి’ అనడానికి లేదు. పూర్తిగా దాటి, దూరం తేలిపోయేదాకా మీరు దాటే పడవే. మధ్యలో కోణం ఎంత మారినా బాధ్యత చేతులు మారదు.

ముందువాడి పని

దారి పొందే పడవకు పనేమీ లేదనుకుంటే పొరపాటు. తన దిక్కూ వేగమూ మార్చకుండా నిలకడగా సాగడం దాని విధి. వెనకవాడు దూరం నుంచే ఎటు తప్పుకోవాలో లెక్క వేసుకుంటాడు. ముందువాడు మర్యాదకో కంగారుతోనో పక్కకు జరిగితే ఆ లెక్క తప్పుతుంది. ఇద్దరూ ఒకే వైపు తప్పుకోబోయి ఢీకొట్టుకుంటారు. కాబట్టి స్థిరంగా ఉండటమే ముందువాడు చేసే సాయం.

వెనకవాడు తీసుకునే చర్యకూ షరతులున్నాయి. ముందుగానే తీసుకోవాలి, ఎదుటివాడికి కనిపించేంత పెద్దగా తీసుకోవాలి. రెండేసి డిగ్రీలు తిప్పుకుంటూ పోతే ముందువాడికి అర్థం కాదు. ఒక్కసారే గట్టిగా తిప్పితే అతనికి నిశ్చింత.

ప్రమాదం ఉందో లేదో తెలుసుకునే పద్ధతి చాలా సులువు. కదలకుండా ఒకచోట కూర్చుని, తెరచాప స్తంభాన్ని నిలబెట్టే తాడుకో కమ్మీకో సూటిగా ఎదుటి పడవను చూడండి. కాసేపాగి మళ్లీ చూడండి. పడవ తాడుకు ముందుకో వెనక్కో జరిగితే దారులు తప్పుతున్నట్టే. అక్కడే నిలబడి, రూపం మాత్రం పెద్దదవుతుంటే ఢీకొనే దారిలో ఉన్నట్టు. నావికులు దిక్సూచితో చేసే పనీ ఇదే. ఎదుటి పడవ ఉన్న దిక్కు మారకపోతే ప్రమాదం ఉన్నట్టే లెక్క.

ఇరుకు కాలువలో ముందువాడు జరిగితే తప్ప దాటడం కుదరని పరిస్థితి వస్తుంది. అక్కడ కూత పెట్టి అనుమతి అడగాలి. రెండు పొడుగు కూతలు, ఒక పొట్టి కూత వేస్తే నీ కుడిపక్క నుంచి దాటుతానని అర్థం. రెండు పొడుగు, రెండు పొట్టి కూతలైతే ఎడమపక్క నుంచి. ముందువాడు ఒప్పుకుంటే పొడుగు, పొట్టి, పొడుగు, పొట్టి అని బదులిస్తాడు. అనుమానముంటే కనీసం అయిదు పొట్టి కూతలు గబగబా వేస్తాడు.

అయితే ఏ పరిస్థితిలోనూ ముందువాడు కళ్లు మూసుకుని కూర్చోకూడదు. వెనకవాడు తప్పుకోవడం లేదని తెలిస్తే తాను కదలవచ్చు. వెనకవాడొక్కడి వల్ల ప్రమాదం తప్పేంత దూరం మిగలకపోతే, కదిలి తీరాలి.

గాలి నీడ

తెరచాప పడవలకు మాత్రమే ఉన్న చిక్కు ఒకటుంది. తెరచాప గాలిని వాడుకుంటుంది. వాడుకున్న గాలి వేగం తగ్గి, సుడులు తిరుగుతూ దిగువకు పోతుంది. ఆ మేర మరో తెరచాపకు పనికొచ్చే గాలి దొరకదు. దీన్ని గాలి నీడ అనవచ్చు. స్తంభం ఎత్తుకు కొన్ని రెట్ల దూరం దాకా అది పాకుతుంది.

నీడ ఎటు పడుతుందో గుర్తుపట్టడానికి ఒక కిటుకుంది. పడవ కదులుతుండటం వల్ల దానికి తగిలే గాలి, ఒడ్డున నిలబడ్డవాడికి తగిలే గాలి ఒకటి కావు. పడవ వేగం కూడా కలిసి, గాలి ఇంకాస్త ముందు నుంచి వస్తున్నట్టు అవుతుంది. స్తంభం కొసన ఉండే చిన్న సూచిక ఈ కలిసిన గాలినే చూపిస్తుంది. నీడ పడేదీ ఆ గీత వెంబడే. ముందు పడవ స్తంభం మీది సూచిక వెనక పడవ వైపు గురి పెట్టి ఉంటే, ముందు పడవ నీడలో ఉన్నట్టే.

దాటాలనుకునేవాడికి ఇప్పుడు రెండు దారులు. గాలి ఎగువ నుంచి దాటితే తన నీడ ముందువాడి మీద పడుతుంది. ముందువాడు నెమ్మదిస్తాడు, దాటడం త్వరగా తెములుతుంది. దిగువ నుంచి దాటితే ముందువాడి నీడలోకి తానే దూరతాడు. అప్పటిదాకా ఉన్న ఒక నాట్ ఆధిక్యం కరిగిపోతుంది. మనం లెక్కేసిన 39 సెకన్లు నిమిషాలవుతాయి, ఒక్కోసారి దాటడమే కుదరదు. దిగువ నుంచి దాటాలంటే బాగా దూరంగా, నీడ అందని మేర తిరిగి వెళ్లాలి. దాటే భారం తనదేనని తెలిసిన నావికుడు ఆ దూరం ముందే లెక్కలో వేసుకుంటాడు.

పందెంలో మరో పద్ధతి

వర్షాకాలంలో హుస్సేన్ సాగర్ మీద తెల్ల తెరచాపలు గుంపులుగా తిరగడం హైదరాబాదు వాసులకు తెలిసిన దృశ్యమే. ఆ సరస్సుకు సముద్రంతో సంబంధం లేదు. అక్కడ పోటీలో ఉన్న పడవల మధ్య నడిచేది ప్రపంచ సెయిలింగ్ సంస్థ నియమావళి. ఒలింపిక్స్‌లో నడిచేదీ అదే.

ఇందులో మొదటి మెట్టు సముద్ర నియమంలాంటిదే. రెండు పడవలకూ గాలి ఒకే పక్క నుంచి తగులుతున్నప్పుడు, పూర్తిగా వెనక ఉన్నది ముందున్నదానికి దారివ్వాలి. ‘పూర్తిగా వెనక’ అనడానికి ఇక్కడ కోణం లేదు, ఒక గీత ఉంది. ముందు పడవ అమరం చివరి బిందువు నుంచి లంబంగా గీసిన గీత అది. వెనక పడవ ఆ గీతను తాకనంతసేపు వెనకున్నట్టే.

అణియం గీత దాటగానే పరిస్థితి తిరగబడుతుంది. రెండూ పక్కపక్కన ఉన్నట్టు లెక్క, ఇక ఎగువ పడవ దిగువ పడవకు దారివ్వాలి. అంటే దిగువ నుంచి వచ్చిన దాటే పడవకు, ఒక్క సెకను ముందు దాకా తప్పుకోవాల్సిన పడవకు, ఇప్పుడు ముందున్నవాడే తప్పుకోవాలి. సముద్రంలో ఎన్నటికీ ఒప్పుకోనిది ఇక్కడ ఒప్పుకున్నారు.

కాకపోతే కంచెలు వేశారు. కొత్తగా ఆ హక్కు వచ్చిన పడవ, ఎదుటివాడు తప్పుకోవడానికి మొదట చోటివ్వాలి. వెనక నుంచి వచ్చి, దిగువన తన పొడవుకు రెండింతల లోపు దూరంలో పక్కకు చేరిన పడవ, తన గమ్యానికి త్వరగా చేరే దారిని మించి ఎదుటివాడిని గాలివైపు నెట్టకూడదు. హుస్సేన్ సాగర్‌లో ఒక్కరే నడిపే లేజర్ పడవ పొడవు సుమారు 4.2 మీటర్లు. అంటే ఈ హద్దు ఎనిమిదిన్నర మీటర్లలోపు. పడవలు తాకకుండా చూడటం ఇద్దరి బాధ్యతా. తప్పు చేసినవాడు పక్కకు పోయి రెండు చుట్లు తిరిగి శిక్ష తీర్చుకోవచ్చు.

పందెంలో ఇది ఎందుకు చెల్లుతుంది? అక్కడున్న ప్రతివాడూ అదే పుస్తకం చదివాడు. ప్రతివాడూ పక్కవాడిని క్షణక్షణం చూస్తున్నాడు. తగాదా వస్తే వినే పెద్దలున్నారు. సముద్రంలో ఎదురయ్యేవాడు ఎవరో, మేలుకుని ఉన్నాడో లేదో తెలియదు. అందుకే పోటీలో ఉన్న పడవకు పోటీలో లేని పడవ ఎదురైతే వెంటనే సముద్ర నియమాలే అమల్లోకి వస్తాయి.

న్యూపోర్ట్, 1934

దాటే నియమం మీద వచ్చిన పేరుమోసిన తగాదా అమెరికాస్ కప్ అనే పడవ పందెంలో జరిగింది. 1934 సెప్టెంబరులో అమెరికాలోని న్యూపోర్ట్ తీరాన బ్రిటన్ పడవ ఎండెవర్, అమెరికా పడవ రెయిన్‌బో తలపడ్డాయి. రెండూ దాదాపు 40 మీటర్ల పొడవున్న భారీ పడవలు. ఎండెవర్‌ను నడిపింది విమానాల తయారీదారు టామ్ సాప్‌విత్. రెయిన్‌బోను నడిపింది హెరాల్డ్ వాండర్‌బిల్ట్. ముందుగా నాలుగు పందేలు గెలిచినవారిదే కప్పు. ఎండెవర్ మొదటి రెండూ గెలిచింది, మూడోది ఓడింది.

నాలుగో పందెంలో తొలి మలుపు దాటాక ఎండెవర్ ముందుంది, గాలి దిగువన. రెయిన్‌బో ఎగువ నుంచి దాటబోయింది. అప్పటి పందెం నియమాల్లో, ఎగువ నుంచి దాటేవాడిని ఆపడానికి ముందు పడవ అణియాన్ని గాలివైపు తిప్పవచ్చు, దాటేవాడు తప్పుకోవాలి. అయితే ముందు పడవ అణియం వెనక పడవను ఏ చోట తాకేలా ఉందన్న దాని మీద ఆ హక్కు ఆధారపడేది. సాప్‌విత్ తిప్పాడు. వాండర్‌బిల్ట్ తన దారి మార్చలేదు. గుద్దుకోవడం తప్పదనిపించి సాప్‌వితే పక్కకు తిప్పుకున్నాడు. రెయిన్‌బో దాటిపోయి గెలిచింది.

సాప్‌విత్ ఫిర్యాదు జెండా గమ్యం దగ్గర పడ్డాక ఎగరేశాడు. వెంటనే ఎగరేయలేదు కాబట్టి ఫిర్యాదు వినేది లేదని అమెరికా కమిటీ తేల్చింది. రెయిన్‌బో చివరికి నాలుగుకు రెండు తేడాతో కప్పు నిలుపుకుంది. ఎవరిది తప్పన్నది విచారణే జరగలేదు.

నియమం ఉంది, ఇద్దరు నిపుణులున్నారు, అయినా తగాదా ఎందుకొచ్చింది? హక్కు చేతులు మారే చోటు రెండు పడవల మధ్య, పరుగులో, కళ్లతో అంచనా వేయాల్సిన బిందువు మీద ఉంది కాబట్టి. ఇద్దరూ ఎవరి పడవ మీద నుంచి వాళ్లు చూశారు, ఎవరి బిందువు వాళ్లకు కనిపించింది. కాంట్రాక్ట్ బ్రిడ్జ్ పేకాటకు లెక్కల పద్ధతి కట్టింది కూడా వాండర్‌బిల్టే. పందెం నియమాలను మొదటి నుంచీ తిరిగి రాయడానికి ఆయన పూనుకున్నాడు. తర్వాతి దశాబ్దాల్లో అవి మొదట అమెరికాలో, ఆపైన అంతర్జాతీయంగా నేటి నియమాలకు పునాది అయ్యాయి.

తీర్పు

వెనకవాడికి ఇద్దరూ కనిపిస్తారు. ఎప్పుడు దాటాలో, ఎటునుంచి దాటాలో, అసలు దాటాలో వద్దో తేల్చుకునేది అతనే. ముందువాడు ముందుకు చూస్తూ పోతున్నాడు, అతను ఏదీ ఎంచుకోలేదు. చూసేవాడి మీద, ఎంచుకునేవాడి మీద బాధ్యత పెట్టడం న్యాయమే కాదు, పని జరిగే పద్ధతి కూడా. ఆ బాధ్యతను మధ్యలో మార్చకపోవడం అంతకంటే పెద్ద తెలివి. అది చేతులు మారే క్షణంలోనే ‘ఇప్పుడు నాదా, నీదా’ అన్న అయోమయం పుడుతుంది, పడవలు గుద్దుకునేదీ ఆ క్షణంలోనే.

దాటే నౌకే దారివ్వాలన్న మాట 1863లో బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి చేసుకున్న నియమాల్లోనే ఉంది. ఏడాది తిరిగేసరికి ముప్పైకి పైగా దేశాలు వాటిని స్వీకరించాయి. ఆవిరి నౌకలు పోయాయి, రాడార్లు వచ్చాయి, నియమావళి చాలాసార్లు తిరగరాశారు. ఆ ఒక్క మాట మాత్రం చెక్కుచెదరలేదు. మీరు ఎప్పుడైనా చుక్కాని పడితే ముందు ఆ మాట నేర్చుకోండి, తెరచాప తాళ్ల సంగతి తర్వాత.